తాగునీటి బావులు గల ఊరు

సంగారెడ్డి రిజిస్ట్రాఫీసు ముందు రేకుల కింద కూర్చుని ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ని నేను. పేరు బాలప్ప. నా చేతిరాత బాగుంటుందని తాలూకా అంతా చెప్పుకునేవాళ్లు. ఆ చేతిరాతతోనే మా అక్కకు అన్యాయం చేశాను. మోసం మొదలుపెట్టింది నేను కాదు, మొయిజ్. అయినా రోజూ పొద్దున లేచి అతన్ని తిట్టుకున్నంత మాత్రాన నా వంతు తగ్గిపోదు కదా.

ముందు మా వృత్తిలోని ఒక అలవాటు చెప్పాలి. భూమి దస్తావేజులో నాలుగు పక్కల హద్దులు రాయాలి. వాటిని ఎవరూ పొలానికి వెళ్లి చూసి రాయరు. పాత దస్తావేజు ముందు పెట్టుకుని దించేస్తారు. అందులో తూర్పున చింతచెట్టు అని ఉంటే మేమూ చింతచెట్టు అనే రాస్తాం, ఆ చెట్టును కొట్టి పొయ్యిలో పెట్టి ఇరవై ఏళ్లు దాటినా సరే. కంటితో చూసింది రాస్తే పాత కాగితానికీ కొత్త కాగితానికీ పొంతన కుదరదు, ఆఫీసులో వెనక్కి కొడతారు. కాగితం చూసి కాగితం రాయడమే మాకు తెలిసిన నిజాయితీ.

మొయిజ్ 1990లో వచ్చాడు. టర్కీ దేశం మనిషి. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చి, ఆ పని అయ్యాక కూడా ఇంజనీరుగా అక్కడే ఉండిపోయాడు. పేరు విని అందరూ ముస్లిం అనుకున్నారు. రిజిస్ట్రాఫీసు ఎదుట టీకొట్టు నడిపే చాంద్ పాషా ఒక శుక్రవారం నమాజుకు తీసుకుపోదామని స్కూటర్ కూడా తెచ్చాడు. తాను యూదుడినని మొయిజ్ చెప్తే చాంద్ పాషా కాసేపు ఆలోచించి, "ఖైర్, చాయ్ తో పీతే నా?" అన్నాడు, సర్లే, చాయ్ అయితే తాగుతావుగా అని. అలాంటి మనిషి మొయిజ్. వచ్చిన నెలకే అందరికీ కావలసినవాడయ్యాడు.

ఫ్యాక్టరీకి దగ్గర్లో ఇల్లు కావాలంటే ఎదుర్లపల్లిలో నేనే చూపించాను. అది మా అక్క రాజవ్వ ఊరు. మా అక్క ఇంటి ఎదురిల్లు ఖాళీగా ఉంది. కిరాయి ఒప్పందం రాసి, వెనక నా ముద్ర వేశాను. ప్రతి ఆదివారం నేను అక్కను చూడటానికి పోయేవాణ్ని. బావ చనిపోయి, కూతురు అత్తగారింటికి పోయాక అక్క ఒక్కతే ఉండేది. నేను వచ్చానని తెలిస్తే మొయిజ్ కూడా వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

మా అక్కకు ఒక పద్ధతి. గడప తొక్కిన మనిషి ఎవరైనా ముందు చెంబెడు నీళ్లు చేతికివ్వాలి, ఆ తర్వాతే మాట. పోస్ట్‌మ్యాన్‌కైనా, కరెంటు బిల్లు రాసేవాడికైనా అంతే. మొయిజ్ మాత్రం చెంబు పుచ్చుకునేవాడు కాదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "అక్కా, మేరా పేట్ పర్‌దేసీ హై" అనేవాడు. అతనికి హైదరాబాదు నుంచి డబ్బాల్లో నీళ్లొచ్చేవి. వండినవీ తినడు, తమ మతంలో తిండికి కట్టుబాట్లున్నాయనేవాడు. కాల్చిన మక్కకంకులు, సీతాఫలాలు ఇష్టంగా తినేవాడు. పరాయి దేశపు కడుపు అనుకుని మేం నవ్వేవాళ్లం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

రెండేళ్లు తిరగకుండా ఊళ్లో నీళ్లు పాడయ్యాయి. తుంగవాగు ఊరి పక్కనుంచే పారుతుంది. దాని రంగు మారింది. తర్వాత బావులు వాసన పట్టాయి. గేదెలు ఈనలేదు. జనం గొడవ చేస్తే ట్యాంకర్ రావడం మొదలైంది, కానీ అది బడి దగ్గరే ఆగేది. అక్కడి నుంచి బిందెలు మోసుకురావాలి. అక్కకు మోకాళ్ల నొప్పులు. పెరట్లో బావ తవ్వించిన బావి ఉంది.

"తమ్మీ, మన బాయి నీళ్లు తాగొచ్చునా లేదా జెర అడుగు. మొయిజ్ సాబు ఇంజనీరు గదా" అంది.

అడిగాను. మొయిజ్ ఒక సీసాలో నీళ్లు పట్టుకుపోయాడు. నాలుగు రోజుల తర్వాత ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. వరుసగా అంకెలు, కింద సంతకం, ముద్ర. మిగతా బావులు చెడ్డాయి, ఇది లోతు బావి, దీనికేం కాలేదు, ధైర్యంగా తాగమనండి, అన్నాడు. నేను ఆ కాగితాన్ని అక్క ముందు మొదటి నుంచి చివరి దాకా చదివాను. సగం నాకే అర్థం కాలేదు. ముద్ర మాత్రం చాలా శుభ్రంగా పడింది.

"మంచిగున్నయంట అక్కా. తాగు, ఏం గాదు" అన్నాను.

అక్క తాగింది. ఇప్పటికీ ఆ రెండు మాటలు నా నోట్లోనే ఉన్నట్టుంటుంది.

1993లో ఇజ్మీర్ అనే ఊరి నుంచి నాకు ఉత్తరం వచ్చింది. టర్కీ తపాలా బిళ్లలు చూసి పోస్ట్‌మ్యాన్ రెండుసార్లు నా పేరు అడిగాడు. రాసినాయన హాఖామ్ నిసీం. హాఖామ్ అంటే వాళ్లలో మతశాస్త్రం చదివిన పెద్ద, మన దగ్గర ముఫ్తీ సాబు లాగా. వాళ్ల పూర్వీకుల్ని ఐదువందల ఏళ్ల కింద స్పెయిన్ రాజులు వెళ్లగొడితే టర్కీ సుల్తాన్ నీడకు వచ్చి బతికారట. ఇప్పటికీ ఇంట్లో స్పానిష్ మాట్లాడుకుంటారట. ఇదంతా ఆయన మొదటి పేజీలోనే రాశాడు, పిల్లనడగడానికి వచ్చిన పెద్దమనిషి ముందుగా తన వంశం చెప్పుకున్నట్టు.

రెండో పేజీలో అసలు సంగతి. మొయిజ్‌కు ఇజ్మీర్‌లో భార్య ఉంది. పేరు లూనా. ఎనిమిదేళ్ల కింద ఆమెను వదిలి దేశాలు పట్టాడు. వాళ్ల శాస్త్రంలో కోర్టు ఇచ్చే విడాకులు చెల్లవు. భర్త తన ఇష్టంతో ఒక విడుదల కాగితం రాయించి, సాక్షుల సంతకాలతో భార్య చేతికి అందేట్టు చెయ్యాలి. అది అందనంత కాలం ఆమె అతని భార్యే, అతను ముప్ఫై ఏళ్లు కనబడకపోయినా సరే. లూనాకు ముప్ఫై ఆరేళ్లు. ఆమెను చేసుకోవడానికి ఒక బడిపంతులు ఎదురుచూస్తున్నాడు. మొయిజ్ తన చిరునామా రుజువుకని తల్లికి పంపిన కిరాయి ఒప్పందం వెనక నా ముద్ర చూసి ఆయన నాకు రాశాడు.

"మీరు కూడా నా లాగే కాగితాల మీద బతికే మనిషి అని మీ ముద్ర చెప్తోంది" అని ఉంది అందులో. "మీ ఊరి మనిషి కాని ఒక ఆడదాని కోసం మీరు ఒక మాట అడగగలరా?"

నాకు ఒళ్లు మండింది. మా అరుగు మీద కూర్చుని సీతాఫలం గింజలు ఊసుతున్న మనిషి అక్కడ ఒకామెను కట్టేసి వచ్చాడా అని. ఆ ఆదివారమే నిలదీశాను. మొయిజ్ చేతిలోని సీతాఫలం పక్కన పెట్టాడు. ఎందుకు వదిలాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. చివరికి, నువ్వడిగావు కాబట్టి ఇస్తాను బాలప్పా, అన్నాడు. కానీ మా లేఖకులుండే బొంబాయికి రాను, ఎక్కడికీ రాను, రాయాలంటే ఇక్కడే, ఈ ఊళ్లోనే రాయాలి, అన్నాడు. నువ్వడిగావు కాబట్టి అన్నందుకు నేను పొంగిపోయాను. అతని భుజం మీద చెయ్యి కూడా వేశాను.

అక్కడి నుంచి ఉత్తరాలు నడిచాయి. ఆయనవి చిక్కగా మూడేసి పేజీలు, నావి ఒక్కో పేజీ. నా ఇంగ్లీషు రిజిస్ట్రాఫీసు ఇంగ్లీషు. ఆయన దాన్నెప్పుడూ తప్పుపట్టలేదు. ఇబ్బంది ఏమిటంటే, విడుదల కాగితంలో అది రాసిన ఊరిని పేరుతో చెప్తే చాలదు. ఏ నది ఒడ్డున ఉంది, జనం ఏ బావుల నీళ్లు తాగుతారు అన్నది కూడా రాయాలి. ఎదుర్లపల్లిలో అంతకుముందు ఎవరూ అలాంటి కాగితం రాయలేదు, రాసే అవసరం ఎవరికి వస్తుంది. కొత్త ఊరు కాబట్టి మొదటి కాగితం సరిగ్గా పడాలి.

నీళ్లెందుకు అని అడిగితే ఆయన ఇలా రాశాడు. "మా పాత పెద్దలు సలోనికా నుంచి హలబ్‌కూ, అక్కడి నుంచి కైరోకూ ఇలాంటి విషయాల మీదే జీవితాంతం ఉత్తరాలు రాసుకున్నారు. మిరియాల కోసం ఓడెక్కి మీ దేశం వచ్చి తిరిగి రాని మగవాళ్ల భార్యల గురించి రాసినవి నా అలమరలో ఒక అర నిండా ఉన్నాయి. వేసవిలో ఎండిపోయే నదిని నది అనొచ్చా అని ఇద్దరు ముసలివాళ్లు పదకొండేళ్లు వాదించుకున్నారు. నవ్వకండి. ఆ పదకొండేళ్లూ ఒక ఆడది కిటికీలో కూర్చుని ఉంది. రాజులు మారితే ఊళ్ల పేర్లు మారతాయి, నీళ్లు మారవు, అందుకని నీళ్లతో చెప్పమన్నారు. అందులో ఒక్క మాట అబద్ధమైతే కాగితమే పోతుంది. దయచేసి చూసి రాయండి."

చూసి రాయండి అన్నాడు. నేను ఏం చేశానంటే, అక్క పొలానిదే పాత దస్తావేజు బయటికి తీశాను. నిజాం కాలంలో రాసింది. "తుంగవాగు ఒడ్డున, ఊరి జనం తాగునీటి బావులు గల ఎదుర్లపల్లి మౌజే" అని ఉంది, మౌజే అంటే గ్రామం. ఎంత చక్కగా కుదిరిందో అని సంతోషపడి, అక్షరం పొల్లుపోకుండా దించి, ఇంగ్లీషు చేసి, ముద్ర వేసి పంపాను. అప్పటికి ఏడాదిన్నరగా ఊరికి ట్యాంకర్ వస్తోంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసింది వేరు, రాసేది వేరు అనే మా ఆఫీసు అలవాటు నా చేతిలోనే ఉంది. ఆ పాత దస్తావేజు చూసి రాస్తే బాగుంటుందని నాకు చెప్పింది మొయిజే. అప్పుడు అది సాయం అనిపించింది.

1994 ఫిబ్రవరిలో బొంబాయి నుంచి ముగ్గురు వచ్చారు. ఒకాయన లేఖకుడు, ఇద్దరు సాక్షులు. మొయిజ్ ఇంటి ముందు బల్ల వేశారు. లేఖకుడు డెబ్బై ఏళ్ల మనిషి. రెల్లు కలంతో పన్నెండు వరుసలు రాశాడు. రాసే ముందు మొయిజ్‌ను ఒకటికి పదిసార్లు అడిగారు, నీ ఇష్టంతోనే ఇస్తున్నావా, ఎవరైనా బలవంతం చేశారా, తర్వాత కాదంటావా అని. ప్రతిసారీ అతను నా ఇష్టమే అన్నాడు. వాగు ఎటువైపు అని లేఖకుడు నన్నడిగితే బల్ల దగ్గర నిలబడే చేత్తో చూపించాను. నలభై అడుగులు నడిస్తే ఆయన కంటికే కనబడేది. నేను రమ్మనలేదు.

అప్పుడే మా అక్క ఎదురింటి నుంచి ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చింది. వచ్చినవాళ్లు ముసలివాళ్లు, ఎండలో వచ్చారు. మొయిజ్ గబగబా లేచి, వద్దక్కా, వీళ్లవీ పర్‌దేసీ కడుపులే, అంటూ తన డబ్బాలోంచి గ్లాసుల్లో పోసిచ్చాడు. అందరూ నవ్వారు. తెచ్చిన నీళ్లు పారబోయడం మా అక్కకు ఇష్టముండదు. అక్కడే నిలబడి చెంబెత్తి గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "సల్లగున్నయ్ బిడ్డా, మీకే రాత లేదు" అంది. మొయిజ్ ఆమెనే చూస్తున్నాడు. 

సాక్షుల్లో ఒకాయన కాగితం తీసుకుని ఇజ్మీర్ వెళ్లాడు. రెండు నెలలకు హాఖామ్ నుంచి ఉత్తరం. లూనా చేతిలో కాగితం పడింది, పంతులుతో పెళ్లి అయింది. తర్వాతి ఏడు ఇంకొకటి, ఆమెకు ఆడపిల్ల పుట్టింది. అందులో లూనా సొంతంగా రాసిన నాలుగు వాక్యాలున్నాయి. మీ ఊరి వాగు పేరు నాకు నోరు తిరగదు కానీ రోజూ తలచుకుంటాను అని. ఆ ఉత్తరాన్ని టీకొట్టులో అందరికీ చదివి వినిపించాను. నేను ఇన్నేళ్లలో రాసిన కాగితాల్లో ఒక మనిషికి మేలు చేసింది అదొక్కటే అని గొప్పలు పోయాను.

1995 చివర్లో మొయిజ్ వెళ్లిపోయాడు. పోతూ అక్కకు గోడ గడియారం ఇచ్చాడు. మరుసటేడు నుంచి అక్క కాళ్లు వాచడం మొదలైంది. హైదరాబాదు తీసుకుపోతే డాక్టరు రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయన్నాడు. ఏం నీళ్లు తాగుతావమ్మా అని అడిగాడు. మా బాయి నీళ్లే సారూ, మంచియి, పరీచ్చ చేసిన్రు, అంది అక్క. డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. డాక్టరు వద్దన్నాక ఆమె బావి నీళ్లు మానేసి, పక్కింటి సంగమ్మతో ట్యాంకర్ నీళ్లు తెప్పించుకునేది. మా ఇద్దరి మధ్య ఆ మాట మళ్లీ రాలేదు. ఏదో పొరపాటు జరిగింది, మొయిజ్ కాగితం రాసినప్పుడు నీళ్లు బాగానే ఉన్నాయేమో, తర్వాత చెడ్డాయేమో అని నాకు నేను చెప్పుకుంటూ ఉన్నాను.

1997 ఆగస్టులో హాఖామ్ నుంచి మందమైన కవరు వచ్చింది.  మొయిజ్ ఇజ్మీర్ తిరిగి వెళ్లాడట. బజారులో లూనాను బిడ్డతో చూశాడట. వారం తిరక్కుండా పెద్దల సభకు ఉత్తరం రాశాడు. దాని నకలు నాకు పంపారు. అందులోని మాటలు ఇవి.

"నేను ఆ ఫ్యాక్టరీలో ఇంజనీరును. 1991 నాటికే ఎదుర్లపల్లి వాగూ, బావులూ మా నీళ్ల వల్ల పూర్తిగా చెడిపోయాయి. ప్రతి బావినీ నేనే పరీక్ష చేశాను, ఒక్కటీ తాగడానికి పనికిరాదు. కాగితం రాసిన రోజున ఆ ఊళ్లో ఎవరూ బావి నీళ్లు తాగడం లేదు. కాబట్టి ఊరి వర్ణన అబద్ధం, కాగితం చెల్లదు, లూనా ఇప్పటికీ నా భార్య."

ఆ ఉత్తరాన్ని నేను టీకొట్టు బెంచీ మీద కూర్చుని చదివాను. ప్రతి బావినీ అన్న చోట ఆగిపోయాను. అక్క బావిని పరీక్ష చేసి, విషమని తెలిసి, మంచిదని టైపు చేయించి, ముద్ర కొట్టించి నా చేతిలో పెట్టాడు. ఊళ్లో ఒక ఇంట్లోనైనా తాగుతున్నారని చెప్పుకోవడానికి ఫ్యాక్టరీకి పనికొచ్చిందో, లేక ఆదివారం పూట అరుగు మీద నీళ్ల సంగతి ఎత్తానని నా నోరు మూయించడానికో, నాకు ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత మూడేళ్లు ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని, ఆమె తాగుతుంటే చూస్తూ సీతాఫలాలు తిన్నాడు. ఈ ఊళ్లోనే రాయాలి అని పట్టుబట్టింది ఎందుకో కూడా అప్పుడే తెలిసింది. ఇస్తూనే, ఎప్పుడంటే అప్పుడు లాక్కోవడానికి వీలుగా ఇచ్చాడు. ఇవ్వడానికీ లాక్కోవడానికీ నా ముద్రే వాడుకున్నాడు. చాంద్ పాషా ఏమైందని అడిగాడు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

హాఖామ్ ఉత్తరం వేరుగా ఉంది. "నా స్నేహితుడా, మీరు చూసి రాశారని నమ్మాను. ఇప్పుడు కాగితం చెల్లదంటే లూనా రెండో పెళ్లి పెళ్లి కాదు. అంతకంటే పెద్ద కష్టం ఆ బిడ్డది. మా శాస్త్రం ప్రకారం ఆమెకు మచ్చ పడుతుంది, పెరిగాక మా వాళ్లలో ఎవరూ ఆమెను పెళ్లాడకూడదు. ఇరవై రోజులుగా నేను పాత ఉత్తరాలన్నీ తిరగేశాను. వాటి ప్రకారం, రాసిన రోజున ఆ ఊళ్లో ఒక్క మనిషైనా ఊరి బావి నీళ్లు తాగి ఉంటే, ఆ మాట అబద్ధం కాదు, కాగితం నిలుస్తుంది. ఒక్కరు చాలు. ఈసారి దయచేసి నిజం రాయండి, అది ఏదైనా సరే. అలాంటి మనిషి ఉంటే ఆ మనిషి చేతనే చెప్పించి పంపండి."

అలాంటి మనిషి ఉంది. ఇత్తడి చెంబు ఎత్తి, మూతి తుడుచుకోవడం నా కళ్లారా చూశాను. మొయిజ్ కూడా చూశాడు, చూసి కూడా ఎవరూ తాగడం లేదని రాశాడు. చూసింది చూసినట్టు రాయడానికి నా జీవితంలో మొదటిసారి అవకాశం వచ్చింది. అది రాయాలంటే ముందు ఆమెకు చెప్పాలి.

మరుసటి రోజు గురువారం. పొద్దున్నే బస్సెక్కి ఎదుర్లపల్లి పోయాను. అక్క అరుగు మీద వాచిన కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏంది తమ్మీ, ఐతారం గాకుంట వచ్చినవ్?" అంటూ గోడ పట్టుకుని లేవబోయింది.

"కూసో అక్కా. నిన్నొక మాట అడగాలె. బొంబాయి నుంచి ముసలోళ్లు వచ్చిన దినం యాదికుందా? ఆ దినం నువ్వు మన బాయి నీళ్లు తాగినవా?"

"తాగిన. నీ ముంగటనే తాగిన గదా. నువ్వు ఆడనే ఉంటివి."

"మొయిజ్ గూడ ఉండె."

"ఉండె. అయితేంది?"

ఉత్తరం తీసి తెలుగులో చెప్పాను. లూనా సంగతి, బిడ్డ సంగతి, మొయిజ్ రాసిన మాటలు. ప్రతి బావినీ నేనే పరీక్ష చేశాను అన్న ముక్క దాటేద్దామని ఒక క్షణం అనిపించింది. దాటకుండా చదివాను. అక్క చాలాసేపు పెరటి వైపు చూసింది.

"గప్పటికే ఎర్కనా ఆయనకు?"

"ఎర్కే."

"నేను తాగుతుంటె సూసుకుంట కూసున్నడా?"

"అవునక్కా. నాకు దొంగ కాగితమిచ్చిండు. ముద్ర సూసి నేను నమ్మిన."

"నువ్వు కాగితాన్ని నమ్మినవ్. నేను నిన్ను నమ్మిన" అంది అక్క. గొంతు పెంచలేదు. "వాడకట్టంత నవ్విండ్రు తమ్మీ. గీ రాజవ్వకు పిచ్చిలేసింది, విషం తాగుతున్నదని. మా తమ్ముడు ఇంగిలీసుల సదివి చెప్పిండు, మీకేం ఎర్క అని నేనే వాళ్లను తిట్టిన. దావఖానల డాక్టరు అడిగితె నువ్వు నోరు మెదపలేదు. గప్పుడన్న చెప్పొద్దా?"

 నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అవి చూసి ఆమె మనసు కరుగుతుందేమో అని ఒక మూల ఆశ కూడా కలిగింది. ఆ ఆశకే ఇప్పుడు ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

"ఆ పిల్లకు ఎన్నేండ్లు?" అని అడిగింది.

"రెండు నిండినయ్."

"నేను తాగిన అని చెప్తె ఆ పిల్లకు మంచిగైతదా?"

"అయితది."

"రాయి."

కాగితం తీసి రాశాను. ఎదుర్లపల్లి నివాసి రాజవ్వ అనే నేను, ఫలానా తారీఖున, మా పెరటి బావి నీళ్లు తాగినాను అని. చదివి వినిపించాను. వేలిముద్రకు సిరా డబ్బా తెరిచాను. అక్క చెయ్యి ముందుకు పెట్టలేదు.

"ఎవరు తాగమన్నరో గది గూడ రాయి."

"అది వాళ్లకు అవసరం లేదక్కా."

"నాకు అవసరం. రాయి."

రాశాను. "నీళ్లు మంచివని నా తమ్ముడు బాలప్ప చెప్పినందున తాగినాను. అతను బావిని చూడలేదు, కాగితం చూసి చెప్పినాడు." ఆ వాక్యం రాస్తుంటే అందరూ మెచ్చుకునే నా అక్షరాలు వంకర పోయాయి. అక్క మళ్లీ చదివించుకుంది. అప్పుడు బొటనవేలు సిరాలో ముంచి, దాని కిందనే ఒత్తింది.

నెలన్నరకు ఇజ్మీర్ నుంచి జవాబు వచ్చింది. సభలో అక్క కాగితాన్ని చదివారు. విడుదల నిలిచింది, లూనా పెళ్లి నిలిచింది, బిడ్డకు మచ్చ లేదు. హాఖామ్ చివర్లో ఇలా రాశాడు. "మా అలమరలోని పాత ఉత్తరాల పక్కన మీ అక్కగారి సాక్ష్యాన్ని పెట్టాను. ఆమె ఎలా ఉంది? మీరు అది మాత్రం రాయలేదు."

ఆ ఉత్తరం పట్టుకుని మళ్లీ పోయాను. అక్క మొహం ఇంకా ఉబ్బింది. అంతా విని, "పిల్ల గట్టుకెక్కింది. మంచిగైంది" అంది. చివరి ప్రశ్న కూడా చదివాను. ఏమని రాయమంటావని అడిగాను.

"సూసింది రాయి" అంది. ఆ తర్వాత, "ఇగ కొన్ని దినాలు రాకు తమ్మీ. నాకు మనసొప్పినప్పుడు సంగమ్మతోని కబురు పంపుత" అని గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది.

బస్టాండులో కూర్చుంటే దాహం వేసింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అక్క నాకు నీళ్లివ్వలేదు.